నాలుగో గంట

ఆ ఆస్పత్రిలో సోమవారం మీటింగంటే బల్ల చుట్టూ డాక్టర్లు, గోడవార కుర్చీల్లో నర్సులు. కాఫీ బల్ల దగ్గరే ఆగిపోతుంది, గోడదాకా రాదు. కమ్యూనిస్టు దేశం కాబట్టి పేరుకి మాత్రం అందరూ కామ్రేడ్లే. ఇరవై రెండేళ్ళుగా గోడవారే కూర్చుంటున్న సిస్టర్ బ్లాజెనాకి కాఫీ మీద పెద్ద పట్టింపేమీ లేదు. ఆ రోజు ఆవిడ ధ్యాసంతా డాక్టర్ లుబోర్ చేతిలో ఉన్న ఒక కాగితం మీదే ఉంది.

ఆ కాగితం ఒటీలియాది. ఒటీలియాకి యాభై ఆరేళ్ళు. యాబ్లొనెట్స్ ఊళ్ళో ముప్పై ఏళ్ళపాటు మంట ముందు కూర్చుని గాజు పూసలు చేసింది. చేతులు కడుక్కోవడం ఆమె జబ్బు. రోజుకి అరవైసార్లు, ఒక్కోరోజు ఎనభైసార్లు కడుగుతుంది. మోచేతులదాకా చర్మం లేచిపోయి ఎర్రగా మండుతున్నా ఆగదు. తన చేత్తో ఎవరికీ ఏదీ అందివ్వదు. పక్క మంచం ఆవిడ దువ్వెన కిందపడినా తీసివ్వకుండా కళ్ళు మూసుకుని నిలబడిపోతుంది. మాత్రలయ్యాయి, కరెంటు షాకులయ్యాయి. చివరికి మేడమీద తెరలు వేసిన గదికి పంపారు.

ఆ గదిలో ఎల్‌ఎస్‌డి ఇస్తారు. ఇప్పుడా పేరు వింటే ముక్కున వేలేసుకుంటారు గానీ, ఆ 1965లో మా దగ్గర అది కూడా బీరువాలో మిగతా మందుల పక్కన తెల్ల డబ్బాలో ఉండే మందే. పొద్దున్నే పరగడుపున ఇస్తారు. ఏడెనిమిది గంటలు మనిషి తనలోకి తాను ఎక్కడెక్కడికో వెళ్ళొస్తుంది. మధ్యలో ఆపాలంటే దించే సూది ఉంది. అది పొడిస్తే పావుగంటలో అంతా చల్లబడిపోయి నిద్ర ముంచుకొస్తుంది.

ఒటీలియాకి రెండుసార్లు ఇచ్చారు. రెండుసార్లూ మధ్యలోనే దించేశారు. "ప్రయోజనం లేదు" అని చదివాడు లుబోర్. మూడోది రద్దు. వచ్చే సోమవారం ఆమెని కొండల్లో ఉన్న పెద్దాస్పత్రికి పంపేస్తారు. అక్కడికి పంపేటప్పుడు ఎంత ఎండాకాలమైనా సరే రోగి చలికోటు కూడా మూటకట్టి ఇస్తారు. చలికాలానికి తిరిగిరారని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒటీలియా కోటు అప్పుడే మూటై స్టోరుగదిలో అరమీదకి చేరింది కూడా.

బ్లాజెనా లేచి నిలబడింది. గోడవార నుంచి ఎవరూ లేవరు కాబట్టి అందరూ కిటికీ తెరవడానికి లేచిందనుకున్నారు.

"రెండుసార్లూ మందిచ్చిన నాలుగో గంటలోనే ఆపాం డాక్టరుగారూ," అంది.

తన నోట్సు తెరిచి చదివింది. మొదటిసారి నాలుగో గంటలో ఒటీలియా "రొట్టె, రొట్టె" అని ఏడుపు మొదలుపెట్టింది. చేతులు చంకల్లో దాచేసుకుంది. గంటగంటకీ తీయాల్సిన రక్తం తీయనివ్వలేదు. సూది వేసి దించారు. రెండోసారీ అదే గంట, అదే మాట, అదే సూది. అసలేదో ఆ మాట వెనకే ఉందని, అక్కడిదాకా వచ్చాక మనమే తలుపేస్తున్నామని బ్లాజెనా చెప్పింది.

లుబోర్ నవ్వాడు. "పరగడుపున ఉన్న మనిషి రొట్టె అనక ఏమంటుంది సిస్టర్? ఆకలేసింది."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. లుబోర్ చెడ్డవాడేమీ కాదు. ముప్పై రెండేళ్ళవాడు, తన పని మీద ప్రాణం పెట్టుకున్నవాడు. మెదడులో సెరొటోనిన్ అనే పదార్థం కూర్చునే కుర్చీలో ఈ మందు వెళ్ళి కూర్చుంటుందని అతని నమ్మకం. ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు లేచింది అనేది గంటగంటకీ తీసే రక్తంలో దొరుకుతుందని అతని ఆశ. ఏడుపు అతని లెక్కలోకి రాదు.

"కుర్చీ జరిపితే దుమ్ము లేస్తుంది," అన్నాడు. "మనం చూడాల్సింది దుమ్ముని కాదు, కుర్చీని. అయినా మీరు వెళ్ళొచ్చినవాళ్ళు కాదు కదా, మీకెలా తెలుస్తుంది?"

ఆ మాటతో అక్కడ ఎవరి నోరైనా మూతపడాలి. ఆ ఆస్పత్రిలో అది ఆచారం. రోగి పక్కన కూర్చుని ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం కావాలంటే ముందు ఆ మందు తాను పుచ్చుకుని ఉండాలి. డాక్టర్లందరూ పుచ్చుకున్నారు. వాళ్ళని వెళ్ళొచ్చినవాళ్ళు అంటారు. నర్సులు నీళ్ళందిస్తారు, నోట్సు రాస్తారు, చెప్పినప్పుడు సూది వేస్తారు.

"అయితే నన్ను పంపండి," అంది బ్లాజెనా.

నవ్వులు ఆగాయి. అంతసేపూ కాఫీలో చెంచా తిప్పుతూ ఉన్న పెద్ద డాక్టర్ మొరావెట్స్ తలెత్తి ఆవిడ వంక చూశాడు. బుధవారం గది ఖాళీగా ఉందన్నాడు. తాను వెళ్ళొస్తే శుక్రవారం ఒటీలియాకి మూడోది ఇవ్వాలనీ, పక్కన తానే కూర్చుంటాననీ బ్లాజెనా అక్కడికక్కడే అడిగేసింది. తర్వాత అడగడానికి ధైర్యం మిగలదని ఆవిడకి తెలుసు.

"రోగి ఒప్పుకోవాలి," అన్నాడు మొరావెట్స్. "పక్కన ఎవరుండాలో రోగే చెప్పాలి. ఆ రూలు నేనే పెట్టాను, నేనే తప్పలేను."

బ్లాజెనా కూర్చుంది. ఒక్క ముక్క మాత్రం ఆవిడ బయటికి అనలేదు. ఆ రెండు సూదులూ పొడిచిన చెయ్యి తనదే.

బుధవారం డబుల్ డ్యూటీ ఉందని మొగుడితో అబద్ధం చెప్పి బయల్దేరింది. దారిలో ట్రామ్ దిగి వెనక్కి వెళ్ళిపోదామని రెండుసార్లు అనిపించింది. నిజం చెప్పాలంటే ఆవిడకి భయమేసింది. నలభై మూడేళ్ళ మనిషి, వార్డుతాళాల గుత్తి నడుముకి కట్టుకు తిరిగే మనిషి, పదిమంది ముందు ఏం వాగుతుందో తనకే తెలియకుండా మంచం మీద పడుకోవడమంటే మాటలా?

మొరావెట్స్ స్వయంగా పక్కన కూర్చున్నాడు. మొదటి గంట ఏమీ జరగలేదు. తెరకున్న కొక్కేల్లో ఒకటి ఊడి వేలాడుతుంటే బ్లాజెనాకి ఒళ్ళు మండింది. ఎవరు శుభ్రం చేశారో కనుక్కోవాలనుకుంది. రెండో గంటలో దుప్పటి మీది నీలం చారలు మెల్లిగా పారడం మొదలుపెట్టాయి. గోడ ఊపిరి తీసుకుంది. ఆవిడకి నవ్వొచ్చింది, ఎన్నేళ్ళుగానో నవ్వనంత నవ్వు. ఇంతేనా అనుకుంది.

నాలుగో గంటలో చేతులొచ్చాయి. చొక్కా మడిచి చాచిన చేతులు, ఒకదాని వెనక ఒకటి, ఇరవై రెండేళ్ళుగా తాను పట్టుకుని సూది గుచ్చిన చేతులన్నీ. ఏవీ తిట్టలేదు, ఏవీ వెనక్కి లాక్కోలేదు. అదే ఆవిడ భరించలేకపోయింది. ముడుచుకుపోయిన వాటిని విడదీసి మరీ పొడిచిన రోజులు గుర్తొచ్చాయి. వాటిలో మోచేతిదాకా ఎర్రగా ఒరుసుకుపోయినవి రెండు కనిపించాయి. బ్లాజెనా గొంతు చించుకుని ఏడ్చింది. ఏడుస్తూ, తనని దించెయ్యమని, సూది వేసెయ్యమని మొరావెట్స్ చొక్కా పట్టుకుని బతిమాలింది. సూది వెయ్యకూడదని నలుగురిలో లేచి పోట్లాడిన మనిషే.

మొరావెట్స్ కాదనలేదు. పళ్ళెంలోంచి దించే మందున్న చిన్న గాజుబుడ్డి, ఆంప్యూల్, తీసి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"మందు మీ చేతిలోనే ఉంది. నాకిచ్చిన మరుక్షణం వేస్తాను, ఎందుకని అడగను. ఈలోపు నేనెక్కడికీ పోను."

బ్లాజెనా దాన్ని పట్టుకుంది. ఇచ్చేద్దామనుకుంది. మరొక్క ఊపిరి చూసి ఇద్దామనుకుంది. అలా ఎన్ని ఊపిర్లు గడిచాయో ఆవిడకి తెలియదు. ఏడుపు అడుగుదాకా వెళ్ళి, అక్కడ తగిలి ఆగింది. తెర వెనక ఎండ పచ్చబడేసరికి ఆంప్యూల్ ఇంకా ఆవిడ పిడికిట్లోనే వెచ్చగా ఉంది.

కాస్త తేరుకున్నాక ఆవిడకి కోపం వచ్చింది. ఈ పద్ధతి నర్సులకి ఎందుకు నేర్పలేదని, రూల్లో ఎందుకు రాయలేదని అడిగేసింది. తనకి నేర్పినాయన రాయలేదని, తానూ రాయలేదని మొరావెట్స్ ఒప్పుకున్నాడు. "తప్పే," అని కిటికీ తెర పక్కకి లాగాడు. ఊడిన కొక్కెం కిందపడింది.

గురువారం పొద్దున్న లుబోర్ ఫైలు పట్టుకుని వార్డుకి వచ్చాడు. రేపు మూడోసారి మందిస్తున్నామని, పక్కన ఎవరుండాలో చెప్పమని ఒటీలియాని అడిగాడు. ఒటీలియా అతని భుజం మీదుగా బ్లాజెనా వంక చూసింది.

"ఈవిడ తప్ప ఎవరైనా సరే," అంది.

చెంప పగిలినట్టయింది బ్లాజెనాకి. అయితే తానే కూర్చుంటానని లుబోర్ రాసుకున్నాడు. ఆవిడని చూసి పాపమనిపించిందేమో, ఇలాంటివి మామూలేనని రెండు ముక్కలు ఓదార్పుగా అన్నాడు. కానీ అతను కూర్చుంటే మళ్ళీ రక్తం, మళ్ళీ ఏడుపు, మళ్ళీ సూది. ఆ పైన కొండలు. మధ్యాహ్నందాకా బ్లాజెనా దుప్పట్లు మడిచింది, మాత్రలు పంచింది. తర్వాత ఉతికిన తువ్వాలు ఒకటి తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఒటీలియా అక్కడే ఉంటుందని తెలుసు.

ఒటీలియా వెనక్కి తిరగలేదు. గోళ్ళ సందుల్లో బ్రష్షుతో రుద్దుతోంది.

"సూది మీరే పొడిచారు," అంది నీళ్ళతో అన్నట్టు.

"అవును. రెండుసార్లూ నేనే."

"ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అని మొత్తుకున్నాను."

"విన్నాను. రాసుకున్నాను కూడా. రాసుకుని పొడిచాను," అంది బ్లాజెనా. "డాక్టరు పొడవమన్నాడు నిజమే. చెయ్యి మాత్రం నాది. నన్ను క్షమించమని అడగడానికొచ్చాను. రేపు నన్ను వద్దన్నా సరే, అది మాత్రం అడగాలి."

ఒటీలియా రుద్దడం ఆపలేదు. బ్లాజెనా నిన్నటి సంగతి చెప్పింది. చేతులు కనపడ్డ సంగతి, ఏడ్చిన సంగతి, మొరావెట్స్ చొక్కా పట్టుకున్న సంగతి దాచకుండా చెప్పింది. "సూది వెయ్యమని నేనే అడుక్కున్నానమ్మా," అంది.

బ్రష్షు ఆగింది. కుళాయి పారుతూనే ఉంది. ఒటీలియా మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది.

"వేశాడా?"

"లేదు. మందు నా చేతిలో పెట్టాడు."

"గాజుది? పగలకుండా పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"సన్నటి మెడ ఉంటుంది చూడండి, అక్కడ బొటనవేలు పెట్టకూడదు. గాజు అక్కడే విరుగుతుంది," అంది ఒటీలియా, పనిలోకి కొత్తగా చేరిన పిల్లకి చెప్పినట్టు. తర్వాత కుళాయి కట్టేసి తువ్వాలు అందుకుంది. అంచు పట్టుకుని, బ్లాజెనా వేళ్ళు తగలకుండా అందుకుంది. "రేపు మీరే రండి. ఆ రక్తం పీల్చేవాణ్ణి మాత్రం నా దగ్గరికి రానివ్వకండి."

రక్తం పీల్చేవాణ్ణి ఒప్పించడానికి సాయంత్రందాకా పట్టింది. మొదటి మూడు గంటలూ తీసుకోమంది, చివర్లో మళ్ళీ తీసుకోమంది. నాలుగు, ఐదు, ఆరు మాత్రం వదిలెయ్యమంది. ఖాళీలున్న పట్టిక ఎవరికి చూపించాలని లుబోర్ గోల పెట్టాడు.

"మూడు గడులు ఖాళీగా ఉంటాయి. దానికి మనిషిని కొండల్లోకి పంపుతామా?" అంది బ్లాజెనా. "పోయిన రెండుసార్లూ ఆ గడులు ఎలాగూ ఖాళీయే కదా డాక్టరుగారూ. ఈసారి సూది లేకుండా ఖాళీగా ఉంచుదాం."

లుబోర్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. చివరికి సరేనన్నాడు. అతని మనసు మారేలోపు బ్లాజెనా సంతకం పెట్టించుకుంది.

శుక్రవారం పొద్దున్న ఒటీలియా ఇరవై నిమిషాలు చేతులు కడుక్కుని వచ్చి మందు తాగింది. మూడు గంటలు పూసల మధ్యే తిరిగింది. ఎర్రవి, పచ్చవి, లోపల దీపం పెట్టినట్టున్నవి తన మీద వర్షంలా పడుతున్నాయని చెప్పింది. రక్తం తీస్తే ఆ చుక్క కూడా పూసే అంది. లుబోర్ సంతోషించి వెళ్ళాడు.

నాలుగో గంటలో మొహం మారింది. పెదవులు ఎండిపోయాయి. "రొట్టె," అంది. చేతులు చంకల్లోకి దూరాయి. ఆ తర్వాత మొదలైన ఏడుపుకి కింది వార్డు ఆడవాళ్ళు గోల ఆపమని చెంచాలతో వేడినీళ్ళ గొట్టం మీద కొట్టడం మొదలుపెట్టారు. బ్లాజెనా నోట్సు మూసి మంచం కింద పెట్టేసింది. ఒటీలియా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. గొట్టం మోత విని లుబోర్ తలుపు తీశాడు.

అప్పుడే ఒటీలియా తలెత్తింది. "వేసెయ్యండి సిస్టర్. ఆ సూది వేసెయ్యండి. నా వల్ల కాదు."

రెండుసార్లు వద్దన్నప్పుడు బ్లాజెనా పొడిచింది, ఇప్పుడు ఒటీలియాయే కావాలంటోంది. ఇవ్వకపోతే అదీ తప్పే. పళ్ళెంలోంచి ఆంప్యూల్ తీసి, ఒటీలియా కుడిచెయ్యి మెల్లిగా బయటికి రప్పించి, తోలు లేచిన అరచేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంటుంది. నాకిచ్చారంటే వేస్తాను. ఒట్టు. నేనెక్కడికీ పోను."

"గాజు సిస్టర్! నలిపేసి కోసుకుంటే?" అన్నాడు లుబోర్ గుమ్మంలోంచి.

"ముప్పై ఏళ్ళు గాజు పట్టుకున్న చెయ్యి అది. మీరు కూర్చోండి, లేదా తలుపేసి వెళ్ళండి."

అలా ఎవరూ అతనితో మాట్లాడి ఉండరు. లుబోర్ లోపలికొచ్చి తలుపు వేసి, గోడవార ఉన్న చిన్న పీట మీద కూర్చున్నాడు.

ఒటీలియా వేళ్ళు ఆంప్యూల్ చుట్టూ మూసుకున్నాయి. బొటనవేలు మెడని తాకకుండా పక్కకి జరిగింది. ఏడుపు తగ్గలేదు గానీ, దానిలోంచి ముక్కలు ముక్కలుగా మాట రావడం మొదలైంది. పందొమ్మిదేళ్ళప్పుడు తాను బోలు పూసల్లోకి వెండినీళ్ళు ఎక్కించే పనిలో ఉండేది. ఆ నీళ్ళు విషం, వాటికి వేళ్ళు నల్లబడిపోయేవి, ఎంత కడిగినా పోయేవి కాదు. తొమ్మిదేళ్ళ చెల్లెలు విల్మా బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. ఒకరోజు ఆకలంటే, పని మధ్యలో ఆ నల్లటి చేత్తోనే రొట్టెకి వెన్న రాసి ఇచ్చింది. చెల్లెలు ఆవురావురుమని తింది. వారానికి పోయింది.

గొంతుజబ్బు అన్నాడు డాక్టరు. చర్చి ఫాదరూ అదే అన్నాడు, అమ్మా అదే అంది. ఆ నెలలో ఊళ్ళో పదకొండుమంది పిల్లలు అదే జబ్బుతో పోయారు.

"నాకు తెలుసు," అంది ఒటీలియా. "నాకెప్పుడూ తెలుసు. ఈ చేతులకే తెలియలేదు."

కాదమ్మా, నీ తప్పు లేదమ్మా అని బ్లాజెనా అనలేదు. ముప్పై ఏడేళ్ళుగా అందరూ అన్నదే మళ్ళీ తానెందుకు అనడం? భుజం మీది చెయ్యి తీయకుండా వింటూ కూర్చుంది. ఆవిడ కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎప్పుడో కింద చెంచాలు ఆగిపోయాయి. ఐదో గంట దాటింది, ఆరో గంట దాటింది. ఏడుపు దానంతటదే సన్నగిల్లి ఆగింది. గోడవార లుబోర్ గడియారం చూసుకుని, రాసుకోబోయి, రాయకుండా పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి వంటింటి నుంచి పళ్ళెం వచ్చింది. షాజీరా వేసిన నల్ల రొట్టె, వెన్న, లిండెన్ పూల టీ. పరగడుపున ఉన్నవాళ్ళకి రొట్టెకి వెన్న రాసివ్వడం నర్సు పని. బ్లాజెనా చాకు అందుకోబోయింది.

ఒటీలియా లేచి కూర్చుంది. పిడికిలి విప్పి ఆంప్యూల్ వంక చూసి, దాన్ని తానే మందుల పళ్ళెంలో పెట్టింది. ఎక్కడా పగులు లేదు. కుళాయి గదిలోనే ఉంది, మూడడుగుల దూరంలో. అటు చూసింది. చాలాసేపు చూసింది.

ఒటీలియా చెయ్యి చాచి చాకు తీసుకుంది. రొట్టె ముక్కకి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, ఎక్కడా ఖాళీ వదలకుండా వెన్న రాసింది. దాన్ని రెండుగా తుంచింది. ఒక సగం బ్లాజెనా వైపు చాచింది. వెన్న ఆమె బొటనవేలికి అంటుకుంది.

బ్లాజెనా అందుకుని కొరికింది. పొద్దున్నుంచి ఆవిడా ఏమీ తినలేదు. ఒటీలియా ఆవిడ నోటి వంకే చూస్తోంది. నమిలేదాకా చూసింది, మింగేదాకా చూసింది, రెండో ముద్ద గొంతు దిగేదాకా రెప్ప వెయ్యలేదు. తర్వాత తన సగం కొరికింది.

ఇంతటితో జబ్బు పోయిందని ఎవరూ అనుకోలేదు. పడుకునే ముందు ఒటీలియా మళ్ళీ కడుక్కుంటుంది, రేపూ కడుక్కుంటుంది. అది ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

ఒటీలియా ఇంకో ముక్కకి వెన్న రాస్తూ, గోడవైపు గడ్డంతో చూపించింది.

"ఆయన కూడా పొద్దున్నుంచి ఇక్కడిక్కడే తిరుగుతున్నాడు. ఆకలేసి ఉంటుంది," అంది.

లుబోర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. లేచి వచ్చి, చెయ్యి చాచి ముక్క అందుకున్నాడు. నిలబడే తిన్నాడు. ఒటీలియా అతను మింగేదాకా కూడా అలాగే చూసింది. అతను రుమాలుతో మూతి తుడుచుకుని, తలుపుదాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

"సిస్టర్," అన్నాడు వెనక్కి తిరక్కుండా, "ఆ చలికోటు మూట విప్పించండి."